గుంతలు తెలియని బండి

ఆ మంగళవారం పొద్దున ఆకాశం తూర్పువైపు మబ్బు పట్టి, పడమటివైపు తేటగా ఉంది. పైనుంచి ఉత్తరువు ఇంకా రాలేదన్నట్టు కాసేపు అటూ ఇటూ ఊగి, నాలుగు చినుకులు రాల్చి ఊరుకుంది. ఆ నాలుగు చినుకులకే రాళ్ళమిట్ట రోడ్డు మీది గుంతలన్నీ నీళ్ళు పట్టాయి. ఎండ కాసినప్పుడు గుంత లోతు కంటికి కనిపిస్తుంది. నీళ్ళు పట్టాక దేవుడి మీద భారం వేసి దిగాలి.

కుళ్ళాయప్ప తన చిన్న కారు వెనక తలుపు తెరిచి, సీటు మీద దిండు సర్ది, అక్క ఈరమ్మను కూర్చోబెట్టాడు. ఈరమ్మ కిడ్నీలు రెండూ పని మానేసి ఏడాదిన్నర అయింది. మంగళవారం, శుక్రవారం టౌను ఆసుపత్రిలో నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. తొమ్మిది దాటితే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒక్కసారి తప్పితే మొహం, కాళ్ళు ఉబ్బుతాయి. వరుసగా రెండుసార్లు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, ఈరమ్మ అడగలేదు.

ఊరి నుంచి టౌనుకు పదకొండు కిలోమీటర్లు. సూదులు గుచ్చే ఎడమచేతికి దారిలో దెబ్బ తగలకూడదు, తిరిగొచ్చేటప్పుడు మరీ తగలకూడదు. అందుకని కుళ్ళాయప్ప, ఊరి చివర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ పీరా కలిసి ఆరు నెలలు ఆ బండి కింద పడుకున్నారు. మొదట గట్టి స్ప్రింగులు వేశారు. బండి మలుపుల్లో నిటారుగా నిలబడింది గానీ ఈరమ్మను బంతిలా ఎగరేసింది. తర్వాత మెత్తటివి వేస్తే గుంత తెలియలేదు, కానీ బండి పడవలా ఊగి ఆమెకు వాంతులయ్యాయి.

"స్ప్రింగు గుంతను మింగుతాది అల్లుడూ. మింగింది అరిగించుకోవల్ల గదా. అది షాకబ్జారు పని" అన్నాడు పీరా. పెద్ద వ్యాను షాకబ్జార్లు తెచ్చి బిగించాడు. పాత సామాన్ల అంగడిలో ఇంకేదో కారుది, బండిని పక్కకు ఒరగనివ్వని స్టెబిలైజర్ రాడ్డు దొరికితే కోసి, అతికి, ముందు చక్రాలకు కలిపాడు. కీళ్ళ దగ్గర అరిగిన రబ్బరు బుష్‌లన్నీ తీసి కొత్తవి వేశాడు. టైర్లలో గాలి రెండు పాయింట్లు తగ్గించాడు. ఏది మార్చినా తనిఖీ అధికారి ఈరమ్మే. వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుని, "ఇంగా కుడి పక్క ఎగరేస్తాంది. విప్పండ్రా" అనేది. వాళ్ళు విప్పేవాళ్ళు. చివరికి ఒక శుక్రవారం ఆమె ఏమీ అనకపోతే, ఏమైందోనని కుళ్ళాయప్ప వెనక్కి తిరిగి చూశాడు. నిద్రపోతోంది.

ఆ మంగళవారం నాలుగో కిలోమీటరు దగ్గర ఒక జీపు ముందుకు వాలి, మోకరిల్లినట్టు ఆగి ఉంది. దాని ముందు చక్రం గుంతలో ఉంది. మిగతా జీపుకూ ఆ చక్రానికీ సంబంధం తెగిపోయింది. పక్కన రోడ్ల శాఖలో ఆ డివిజన్‌ను చూసే ఇంజినీరు, ఈఈ చక్రపాణి గారు, ఆయన కింద పనిచేసే ఏఈ వరదరాజులు నిలబడి ఉన్నారు. రోడ్డంతా గుంతలేనని రాళ్ళమిట్ట వాళ్ళు మూడు వందల వేలిముద్రలు వేసి అర్జీ పెట్టుకుంటే, అవి ఉన్నాయో లేవో చూడటానికి వచ్చారు.

"టౌనుకేనా? మమ్మల్ని ఎక్కించుకో. తనిఖీ మధ్యలో ఆగరాదు" అన్నారు ఈఈ గారు.

"జీపు..." అన్నాడు కుళ్ళాయప్ప.

"జీపు విరగడం వాహన దోషం. మేం వచ్చింది రోడ్డు దోషం చూడటానికి."

ఈఈ గారు ముందు కూర్చున్నారు. వరదరాజులు ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఈరమ్మ పక్కన ఒదిగాడు. బండి కదిలింది. ఈఈ గారు ఫ్లాస్కు మూతలో టీ పోసుకున్నారు, ఒక్క చుక్క ఒలకలేదు. పేపరు చదివారు, ఒక్క అక్షరం అదరలేదు. ఏడో కిలోమీటరు దగ్గర, పోయిన ఏడాది స్కూలు బస్సు అడ్డంగా కూలబడిన చోట, ఆయన తల వెనక్కి వాల్చి గురక పెట్టారు. టౌను మొదట్లో కళ్ళు తెరిచి, "గుంతలెక్కడయ్యా?" అని అడిగారు.

కుళ్ళాయప్ప రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి. అయితే ఆరు నెలలు బండి కింద పడుకున్నవాడికి, ఒక పెద్ద అధికారి తన బండిలో గురక పెడితే, ఐదో మాట దానంతటదే వచ్చింది.

"నా బండిలో కూచుంటే గుంతలు తెలీవు సార్."

"రాసుకో వరదరాజులూ."

"సామీ, వాడు బండి బాగుందని చెప్తాండాడు. రోడ్డు బాగుందని కాదు" అంది వెనక నుంచి ఈరమ్మ.

"అమ్మా, సాంకేతిక విషయాల్లో సామాన్యులు కల్పించుకోకూడదు."

వారం తిరక్కముందే ఊరికి జవాబు వచ్చింది. టీ అంగడి దగ్గర చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు. "తమరి అర్జీలో పేర్కొనబడిన గుంతల విషయమై క్షేత్రస్థాయి తనిఖీ నిర్వహించడమైనది. సదరు పదకొండు కిలోమీటర్లలో ఎచ్చటనూ తనిఖీ అధికారి వారికి గుంత అనుభవంలోకి రాలేదు. స్థానిక వాహనదారుడు సైతం గుంతలు తెలియవని అంగీకరించియున్నాడు. కావున గుంతలు లేవని నిర్ధారించి, అర్జీ ముగించడమైనది."

అందరూ కుళ్ళాయప్ప వైపు చూశారు. అతను టీ గ్లాసులోకి చూశాడు.

"ఏమప్పా, పెండ్లిలో పలకరిస్తే కూడా పలకవు. ఆ పొద్దే నీకు నోరు యాడినుంచి వచ్చింది?" అన్నాడు పీరా.

ఐదో మాట అన్నది తానే కాబట్టి వెనక్కి తీసుకోవలసిందీ తానేనని, కుళ్ళాయప్ప ఈఈ గారి ఆఫీసుకు పోయాడు. గోడకు ఆనుకుని రెండు గంటలు నిలబడ్డాక లోపలికి పిలిచారు.

"గుంతలు ఉండాయి సార్."

"నీ బండిలో తెలియలేదు కదా?"

"నా బండి ఒక్కటే సార్ అట్లుండేది. మిగతా బండ్లన్నిట్లో తెలుస్తాయి."

ఈఈ గారు కుర్చీలో ముందుకు జరిగారు. చాలా కాలంగా వెతుకుతున్న వస్తువు తలుపు తోసుకుని తనంతట తానే వచ్చినట్టు ఆయన మొహం వెలిగింది.

"ఒక్కటే! వరదరాజులూ, విన్నావా? ఏదైనా కొలవాలంటే కొలబద్ద కావాలి. కొలబద్ద ఒక్కటే ఉండాలి. ఒకడు బస్సులో పోయి గుంతంటాడు, ఒకడు సైకిలెక్కి గొయ్యంటాడు, ఒకడు నడిచిపోయి బాగుందంటాడు. ఇన్ని కొలబద్దలుంటే శాఖ ఎలా నడుస్తుంది?"

పది రోజుల్లో ఉత్తరువు తయారైంది. రాళ్ళమిట్ట కుళ్ళాయప్ప చిన్న కారు ఇక మీదట ప్రామాణిక వాహనం. డివిజన్‌లో ఏ రోడ్డు మీద ఫిర్యాదు వచ్చినా, ముందు అద్దం దగ్గర స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, ఆ బండిని ఆ రోడ్డు మీద నడపాలి. నీళ్ళు ఒలకకపోతే రోడ్డు ఉత్తమం. అర గ్లాసు ఒలికితే మధ్యమం. మొత్తం ఒలికితే, గ్లాసు సరిగా పెట్టలేదని భావించి మళ్ళీ నడపాలి. ప్రజాప్రయోజనార్థం బండిని శాఖ స్వాధీనం చేసుకుంది. తలుపుల మీద తెల్ల రంగుతో తన పేరు రాసింది. కుళ్ళాయప్పను తాత్కాలిక వాహన నిర్వాహకుడిగా నియమించి, ఖాకీ చొక్కా ఇచ్చింది. చొక్కా బిగుతుగా ఉందంటే, అది కూడా ప్రామాణిక కొలతేనన్నారు.

"మంగళవారం, శుక్రవారం మా అక్కను ఆసుపత్రికి తీసుకపోవల్ల సార్. ఆ రెండు పొద్దులు ఇడిచిపెట్టండి" అని కుళ్ళాయప్ప కాగితం రాయించి పెట్టుకున్నాడు. దానికీ జవాబు వచ్చింది. "ప్రామాణిక వాహనంలో రోగులను ఎక్కించుట వలన వాహన భారంలో వ్యత్యాసము ఏర్పడి కొలత దోషము సంభవించును. సదరు రోగికి రోడ్డు ఉత్తమ స్థితిలో ఉన్నందున ఏ వాహనములోనైనను సుఖముగా ప్రయాణించవచ్చును."

సుఖంగా ప్రయాణించటానికి ఈరమ్మ ఆటో ఎక్కింది. ఒక చేత్తో ఇనుప కడ్డీ పట్టుకుని, ఇంకో చేతిని పసిబిడ్డను పట్టినట్టు గుండెకు హత్తుకుని కూర్చుంది. తిరిగొచ్చేసరికి చేతి కట్టు ఎర్రగా తడిసి ఉంది. ఆ రోజు కుళ్ళాయప్ప ఖాకీ చొక్కాతోనే గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏం గాలేదు లేరా, బతికే వచ్చినా. గుంతలు మాత్రం శానా ఉండాయి. ఎవరన్నా అడిగితే చెప్పు" అంది ఈరమ్మ.

ఎవరూ అడగలేదు. రెండు నెలల్లో డివిజన్‌లోని నలభై మూడు రోడ్లు ఉత్తమం అయ్యాయి. కంకర, తారు, రోలర్ ఏదీ లేకుండా రోడ్లు బాగుచేసిన తొలి డివిజన్ అని పక్క డివిజన్ల నుంచి అధికారులు చూసిపోవటానికి వచ్చారు. వచ్చేటప్పుడు వాళ్ళ జీపులు రెండు విరిగాయి. వాహన దోషమని రాసుకున్నారు.

మరమ్మతులు చేయవలసిన రోడ్లు లేనందున, మరమ్మతులకు వచ్చిన సొమ్ము రోడ్డు కొలతను మెరుగుపరచటానికి మళ్ళించారు. అంటే బండికి. నగరం నుంచి ఒక నిపుణుడు వచ్చి బండి కిందికి టార్చి వేసి చూసి, పీరా అతికిన రాడ్డును చాలాసేపు తడిమి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగాడు. పేరు చెబితే, "ఏం చదివాడు?" అన్నాడు. ఏమీ చదవలేదని చెప్పాక, దాన్ని ముట్టుకోకుండా చుట్టూ కొత్త షాకబ్జార్లు, గాలి నింపే రబ్బరు తిత్తులు బిగించిపోయాడు. ఇక బండి రాయి మీద ఎక్కినా, రాయికి కూడా ఆ సంగతి తెలిసేది కాదు.

అంత విలువైన బండిని అంత చెడ్డ రోడ్ల మీద తిప్పితే ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. చెడ్డ అనే మాట ఎవరూ వాడలేదు. "కొలబద్దకు అరుగుదల రాకూడదు" అన్నారు ఈఈ గారు. ఆఫీసు ఆవరణలో బండికి రేకుల షెడ్డు వేశారు. షెడ్డు నుంచి గేటు వరకు, గేటు నుంచి జెండా కంబం చుట్టూ తిరిగి మళ్ళీ షెడ్డు వరకు, అద్దంలాంటి తారు రోడ్డు వేశారు. డివిజన్‌లో ఆ ఏడాది వేసిన రోడ్డు అదొక్కటే. ఆ తర్వాత ఏ ఊరి నుంచి ఫిర్యాదు వచ్చినా, ఆ ఊరి రోడ్డు ఫైలును వెనక సీట్లో ఈరమ్మ దిండు మీద పెట్టి, గ్లాసులో నీళ్ళు పోసి, కుళ్ళాయప్ప జెండా కంబం చుట్టూ మూడుసార్లు తిప్పేవాడు. నీళ్ళు ఒలికేవి కావు. వరదరాజులు ఉత్తమం అని రాసి, ఫైలు దించి, ఇంకోటి ఎక్కించేవాడు.

ఒక రోజు ఫైలు దించుతూ అతను మెల్లిగా అడిగాడు. "మీ అక్కకు ఎట్లుందప్పా?"

"పోయిన శుక్రవారం ఆటో ఏడో కిలోమీటరులో ఇరిగిపోయింది సార్. ఆసుపత్రికి పోయేసరికి పది. మంచం ఇయ్యలేదు."

వరదరాజులు ఏదో అనబోయి, చేతిలోని ఫైలు పేరు చూసి ఆగిపోయాడు. అది రాళ్ళమిట్ట రోడ్డుదే. ఊరివాళ్ళు ఏడోసారి అర్జీ పెట్టారు. అతను ఉత్తమం అని రాశాడు, కాకపోతే అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి.

ఆ రోజు ఇంటికి పోయేసరికి ఈరమ్మ మొహం ఉబ్బి కళ్ళు సన్నగా గీతల్లా అయ్యాయి. "అద్దంలో చూసుకుంటి. మన పెద్దమ్మ మాదిరి ఉండా" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆయాసం వచ్చింది. పక్కింటి వాళ్ళ బైకు మీద కూర్చోబెట్టుకుని, కుళ్ళాయప్ప ఆ మంగళవారానికి ఎలాగో ఆమెను ఆసుపత్రికి చేర్చాడు. బైకు మీద పదకొండు కిలోమీటర్లు ఆమె తల అతని వీపు మీదనే వాలిపోయి ఉంది. అదే అతన్ని భయపెట్టింది.

అదే వారం, పై ఆఫీసు నుంచి పెద్ద ఇంజినీరు గారు వస్తున్నట్టు కబురు వచ్చింది. డివిజన్‌కు ప్రశంసాపత్రం ఇచ్చేముందు, ఆదర్శ రోడ్డు అయిన రాళ్ళమిట్ట రోడ్డు మీద ఆయన స్వయంగా ప్రామాణిక వాహనంలో ప్రయాణించాలని ముచ్చటపడ్డారు. జెండా కంబం చుట్టూ తిరగటానికి ఒప్పుకోలేదు. బండిని ఒకసారి చూపించి తెమ్మని ఈఈ గారు కుళ్ళాయప్పను పీరా షెడ్డుకు పంపించారు.

మిట్టమధ్యాహ్నం. పీరా అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు.

"మామా, ఈ బండి కొన్నప్పటి స్ప్రింగులు, షాకబ్జార్లు ఉండాయా?"

"ఉండాయి, ఆ మూల. తుప్పు పట్టి సచ్చినాయి. ఎందుకు?"

కుళ్ళాయప్ప ఆ మూలకు పోయి తుప్పు స్ప్రింగు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పీరా తడి చేతులు లుంగీకి తుడుచుకుని, బండి వైపు చూసి, కుళ్ళాయప్ప వైపు చూసి, గోడ వైపు చూశాడు.

"ఆర్నెల్లు పట్టింది అల్లుడూ, దాన్ని దోవకు తెచ్చేకి."

"తెలుసు మామా."

"నా చేత్తోనే చెడగొట్టమంటావు."

"అక్క ఇంగో రెండు వారాలు ఆటోలో పోలేదు."

పీరా జాకీ తీసుకున్నాడు. సాయంత్రానికి పని అయిపోయింది. విప్పిన మంచి సామానును నూనె గుడ్డతో తుడిచి, గోనెసంచిలో చుట్టి, అటక మీద పెట్టాడు. తుప్పు స్ప్రింగుల మీద నిలబడిన బండిని చూసి, "దీన్ని నేను చేసినానని ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు.

మర్నాడు పొద్దున పెద్ద ఇంజినీరు గారు ముందు సీట్లో, ఈఈ గారు, వరదరాజులు వెనక సీట్లో కూర్చున్నారు. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోశారు. వెనక రెండు జీపుల్లో విలేకరులు. మొదటి గుంతలో నీళ్ళు పెద్ద ఇంజినీరు గారి ఒళ్ళో పడ్డాయి. రెండో గుంతలో గ్లాసు కిటికీలోంచి బయటికి పోయింది. మూడో గుంతలో ఆయన తల బండి కప్పును గట్టిగా తాకింది. వెనకాల విలేకరుల జీపులు రెండూ అప్పటికే ఆగిపోయాయి. నాలుగో కిలోమీటరు దగ్గర పెద్ద ఇంజినీరు గారు చెయ్యెత్తి బండి ఆపించి, కిందికి దిగి, నెత్తి మీద లేస్తున్న బొప్పిని తడుముకుంటూ రోడ్డు వైపు చూశారు.

"చక్రపాణీ, ఏమిటివి?"

ఈఈ గారు కూడా దిగి చూశారు. గుంత, దాని పక్కన గుంత, రెంటినీ కలుపుతూ ఇంకో గుంత. ఒక గుంతలో నడుమెత్తు ఆముదం చెట్టు గెలలు వేసి ఉంది. ఆయన వంగి ఆ చెట్టు ఆకును తడిమి చూశారు. ఇక ఒప్పుకోక తప్పదని కుళ్ళాయప్ప అనుకున్నాడు. కానీ ఈఈ గారు కళ్ళతో చూసినదాన్ని నమ్మి ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం చేసిన మనిషి కాదు.

"సార్, రికార్డు ప్రకారం ఈ రోడ్డు మీద నిన్న సాయంత్రం ఐదు గంటల వరకు గుంతల సంఖ్య సున్నా. ఇవాళ ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఒక్క రాత్రి."

"అంటే?"

"తవ్వారు సార్."

పెద్ద ఇంజినీరు గారి మొహం తేటపడింది. బొప్పికి కారణం దొరికింది. "శాఖకు ప్రశంసాపత్రం రాకుండా చేసే కుట్ర!"

"సార్, తవ్వలేదు. బండి స్ప్రింగులు నేనే మార్పించినా. పాతవి యేసినా, గుంతలు తెలియాలని" అన్నాడు కుళ్ళాయప్ప. అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అతని జన్మలో అదే మొదలు.

"నువ్వు తప్పుకో" అన్నారు ఈఈ గారు. "కొలబద్ద అబద్ధం చెప్పదు. నిన్న లేవంది, లేవు. ఇవాళ ఉన్నాయంది, ఉన్నాయి."

"ఆ ఆముదం చెట్టు సార్..." అన్నాడు వరదరాజులు.

"పెరిగిన చెట్టును తెచ్చి నాటారు. ముందస్తు పథకం ఎంత పకడ్బందీగా ఉందో చూడు. రాసుకో."

లెక్కపెడితే పదకొండు కిలోమీటర్లలో పద్నాలుగు వందల పన్నెండు గుంతలు తేలాయి. ఎవరు తవ్వారో తెలియదు కాబట్టి ఊరి ఓటర్ల జాబితా తెప్పించారు. జాబితాలో నాలుగు వందల డెబ్భై మంది ఉన్నారు. తలా మూడు, ఇద్దరు మాత్రం నాలుగేసి తవ్వి ఉంటారని తేల్చారు. చనిపోయినా పేరు తొలగించని పద్దెనిమిది మంది కూడా తమ వంతు మూడు గుంతలూ తవ్వినట్టు నమోదైంది. కేసు పెట్టారు. కానిస్టేబుల్ తిక్కస్వామి ఊళ్ళోకి వచ్చి మగవాళ్ళందరినీ వరుసగా నిలబెట్టి అరచేతులు చూశాడు. ప్రతి చేతికీ పార పట్టిన కాయలున్నాయి. "అందరూ తవ్వినారే!" అని అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఇక ఊరివాళ్ళకు మిగిలిన ఆశ ఒక్కటే. గుంతలున్నాయని శాఖే ఒప్పుకుంది కాబట్టి పూడుస్తారు. పీరా నలుగురిని వెంటబెట్టుకుని పోయి అడిగితే ఈఈ గారు జాలిగా చూశారు.

"సాక్ష్యాన్ని ఎలా పూడుస్తామయ్యా? కేసు తేలేవరకు ఒక్క గుంత కూడా చెక్కుచెదరకూడదు."

ప్రతి గుంత చుట్టూ సున్నంతో గీత గీసి నంబరు వేశారు. నేరం చేసినా, చేయకపోయినా గుంతల మీద ఎవరూ బండి పోనివ్వరాదని బోర్డు పెట్టారు. రాకపోకలు యథావిధిగా సాగవచ్చునని కింది వరుసలో రాశారు. గుంతను తొక్కకుండా పదకొండు కిలోమీటర్లు పోవాలంటే గాలిలో ఎగరాలి. తిక్కస్వామిని కాపలా పెట్టారు. బండిని మాత్రం, గుంతలను అనుభవించిన కొలబద్ద మళ్ళీ కొలతకు పనికిరాదని తీర్మానించి, ఖాకీ చొక్కా విప్పించుకుని, కుళ్ళాయప్పకు తిరిగి ఇచ్చేశారు.

బండి చేతికొచ్చింది, పోవటానికి రోడ్డు లేదు. రాబోయే శుక్రవారం తప్పితే ఈరమ్మకు వరుసగా రెండోది తప్పినట్టవుతుంది. అంతకుముందు మంగళవారం కేసు గొడవలో ఎవరినీ ఊరు దాటనివ్వలేదు.

గురువారం పీరా అటక మీది గోనెసంచి దించాడు. మంచి స్ప్రింగులు, షాకబ్జార్లు మళ్ళీ బిగించాడు. పని అవుతుండగా ఊళ్ళో రోడ్డు పక్క చేలున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి షెడ్డు ముందు నిలబడ్డారు. వేరుశెనగ పీకేసి చేలన్నీ బీళ్ళుగా ఉన్నాయి. ఎవరూ సమావేశం పెట్టలేదు, తీర్మానం చేయలేదు. ఒకతను "నా చేను కంచె తీసేసినా" అన్నాడు. ఇంకొకతను "నాది కూడా" అన్నాడు. సాయంత్రానికి ఎద్దులు కట్టి, నేల చదునుచేసే గుంటక తోలి, రాళ్ళేరి, రోడ్డుకు సమాంతరంగా చేలమ్మట టౌను దాకా ఒక దారి పడింది.

శుక్రవారం పొద్దున ఈరమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి కుళ్ళాయప్ప ఆ దారిలో బండి తోలాడు. మెత్తటి నేల మీద చక్రాలు దిగబడకుండా, అదరకుండా, ఎడమ పక్కన నంబర్లు వేసిన రోడ్డు వెనక్కి పోతూ ఉంటే, బండి ఏడూ నలభైకి ఆసుపత్రి గేటు దగ్గర ఆగింది. మంచం ఉంది. సూదులు గుచ్చిన నర్సు, "రోడ్డు బాగయిందా ఏమమ్మా, చెయ్యి అదరలేదే?" అని అడిగింది. ఈరమ్మ కళ్ళు మూసుకుంది.

తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం రెండైంది. నాలుగో కిలోమీటరు దగ్గర కానుగ చెట్టు నీడలో తిక్కస్వామి గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచి అతనికి అన్నం తెచ్చినవాళ్ళు లేరు. పీరా అప్పటికే సద్ది మూట పట్టుకుని వచ్చి చెట్టు కింద ఉన్నాడు. ఈరమ్మ మొహంలో వాపు సగం దిగింది. "ఆకలిగా ఉందిరా" అంది, రెండు వారాల తర్వాత మొదటిసారి. కుళ్ళాయప్ప బండి ఆపి తువ్వాలు పరిచాడు. జొన్నరొట్టెలు, శెనగవిత్తనాల పొడి, వంకాయ కూర తీశారు. ఈరమ్మకు ఉప్పు లేని అన్నం వేరుగా. నాలుగు కాగితం ప్లేట్లు పరిచి, ఒకటి తిక్కస్వామి వైపు జరిపారు.

అప్పుడే బైకు చప్పుడైంది. వరదరాజులు దిగాడు. చంకలో కొత్త ఫైలు, చేతిలో టేపు. ఫైలు మీద పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది: రాళ్ళమిట్ట ప్రత్యామ్నాయ మార్గము, పరిశీలన.

"ఈఈ గారు పంపినారు. జనం ఏదో కొత్త దారిలో పోతున్నారని తెలిసింది. దారి బాగుంటే శాఖ స్వాధీనం చేసుకుంటుంది. బాగాలేకపోతే ప్రమాదకరమని మూసేస్తుంది" అన్నాడు. అని, ఫైలు తెరిచి పెన్ను తీసి, నేల వైపు చూస్తూ అడిగాడు. "దారి ఎట్లుందప్పా?"

కుళ్ళాయప్ప పీరాను చూశాడు. పీరా తిక్కస్వామిని చూశాడు. తిక్కస్వామి రొట్టె వైపు చూశాడు. చేలమీద గాలి వీచి ఫైలు కాగితం ఒకటి లేచి పడింది.

ఈరమ్మ కట్టు లేని చేత్తో ఒక రొట్టె తీసి, దాని మీద వంకాయ కూర పెట్టి, వరదరాజులు ముందుకు చాచింది. అతను రొట్టెను చూశాడు, ఆమె కట్టు చూశాడు. కట్టు తెల్లగా ఉంది. పెన్నుకు మూత పెట్టి, ఫైలు బైకు మీద పడేసి, బూట్లు విప్పి తువ్వాలు కొసన కూర్చున్నాడు.

ఐదుగురూ తిన్నారు. మజ్జిగ చెంబు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయింది. దారిలో రెండు ఆటోలు, ఒక పాల బండి చప్పుడు చేయకుండా సాగిపోయాయి. ఎవరూ తలెత్తలేదు. కూర బాగుందని కూడా ఎవరూ అనలేదు.